కాలేయ కణసంకేతాలపై వ్యాయామ ప్రభావం

కాలేయ కణసంకేతాలపై వ్యాయామ ప్రభావం అంటే, శరీరం శ్రమించేటప్పుడు హార్మోనులు, నాడులు, కండరాల నుండి వెలువడే పదార్థాలు కాలేయ కణాలకు చేరవేసే సమాచారంలో కలిగే మార్పులు, ఆ సమాచారానికి స్పందనగా కణాల లోపల వరుసగా జరిగే రసాయన చర్యలు. వ్యాయామం అనగానే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు గుర్తుకు వస్తాయి. కాలేయం కదలదు, అలసట కూడా తెలియనివ్వదు. అయినప్పటికీ పరుగెత్తే మనిషి రక్తంలో చక్కెర పడిపోకుండా నిలబెట్టేది ముఖ్యంగా కాలేయమే. ఈ సంకేతాల వ్యవస్థను అర్థం చేసుకుంటే మధుమేహం, కాలేయంలో కొవ్వు చేరడం వంటి వ్యాధులలో వ్యాయామం ఎందుకు మేలు చేస్తుందో, కొన్ని సందర్భాలలో ఎందుకు ప్రమాదకరం కాగలదో తెలుస్తుంది.

నేపథ్యం

వయోజనులలో కాలేయం బరువు సుమారు 1.5 కిలోగ్రాములు. దీనికి రక్తం రెండు మార్గాలలో చేరుతుంది. సుమారు నాలుగింట మూడు వంతులు ప్రేగులు, క్లోమం, ప్లీహం నుండి నిర్వాహక సిర ద్వారా వస్తుంది. మిగిలిన భాగం కాలేయ ధమని ద్వారా వస్తుంది. క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్, గ్లూకగాన్ అనే హార్మోనులు నిర్వాహక సిరలోకే విడుదలవుతాయి. అందువలన ఇవి మిగిలిన అవయవాలకంటే ముందుగా, ఎక్కువ గాఢతతో కాలేయానికి చేరుతాయి.

ఆరోగ్యవంతుని రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు మాత్రమే, అంటే ఒక చెంచాడు చక్కెర. మెదడు ఒక్కటే గంటకు దాదాపు అంతే గ్లూకోజును వాడుకుంటుంది. కండరాలు పని మొదలుపెట్టగానే ఈ వాడకం కొన్ని రెట్లు పెరుగుతుంది. కాలేయం గ్లూకోజును రక్తంలోకి పంపుతూ ఉండకపోతే నిమిషాలలోనే చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోతుంది.

గ్లూకోజు అణువులు వేల సంఖ్యలో గొలుసులుగా చేరి ఏర్పడే నిల్వ పదార్థాన్ని గ్లైకోజెన్ అంటారు. భోజనం తరువాత కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ ఉంటుంది. కండరాలలో ఇంతకంటే ఎక్కువగా, 400 గ్రాముల వరకు ఉంటుంది. అయితే గ్లూకోజు-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కండరాలలో లేదు. కాబట్టి కండరం తన నిల్వను తానే వాడుకోగలదు కాని, రక్తంలోకి గ్లూకోజుగా విడుదల చేయలేదు. ఆ పని చేయగలిగినవి కాలేయం, కొంతమేరకు మూత్రపిండాలు.

కణసంకేతం అంటే ఏమిటి

కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా సంభాషించుకుంటాయి. రక్తంలో వచ్చిన హార్మోను కణత్వచంపై ఉన్న గ్రాహకం అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. చాలా హార్మోనులు కణం లోపలికి ప్రవేశించవు. తలుపు తట్టి కబురు చెప్పి వెళ్ళిపోయే వార్తాహరుని వలె, గ్రాహకం ఆకారాన్ని మాత్రం మారుస్తాయి. ఆ మార్పు వలన కణం లోపల మరొక చిన్న అణువు తయారవుతుంది. దీనిని ద్వితీయ దూత అంటారు. ద్వితీయ దూత కొన్ని ఎంజైములను మేల్కొలుపుతుంది. అవి మరికొన్ని ప్రోటీనులకు ఫాస్ఫేటు సమూహాన్ని తగిలిస్తాయి. దీనికి ఫాస్ఫారిలీకరణం అని పేరు. ఫాస్ఫేటు చేరడంతో కొన్ని ఎంజైములు పని మొదలుపెడతాయి, కొన్ని ఆపివేస్తాయి. ఫాస్ఫేటును తగిలించే ఎంజైములను కైనేజులు అని, తొలగించే వాటిని ఫాస్ఫటేజులు అని అంటారు.

ఈ వరుసలో ప్రతి మెట్టు వద్ద సంకేతం బలపడుతుంది. ఒక ఎంజైము అనేక అణువులపై పనిచేయడమే దీనికి కారణం. అందుచేత రక్తంలో అతి స్వల్పంగా ఉన్న హార్మోను కూడా గ్రాముల కొద్దీ గ్లూకోజును విడుదల చేయించగలదు.

చరిత్ర

కణసంకేతాల శాస్త్రానికి పునాది పడింది కాలేయం మీద జరిగిన పరిశోధనలలోనే. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కాలేయం చక్కెరను తయారు చేసి రక్తంలోకి పంపుతుందని చూపి, 1857లో గ్లైకోజెన్‌ను వేరుచేశాడు. 1929లో కార్ల్ కోరీ, గెర్టీ కోరీ దంపతులు కండరాలకు, కాలేయానికి మధ్య జరిగే లాక్టిక్ ఆమ్ల చక్రాన్ని వివరించారు. గ్లైకోజెన్ విచ్ఛిన్నంపై చేసిన కృషికి వీరికి 1947లో నోబెల్ బహుమతి లభించింది.

1929లోనే హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేస్తున్న సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు ఏటీపీ అనే అణువును కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు. భీమవరంలో జన్మించిన సుబ్బారావు పేరు ఈ విషయంతో ముడిపడి ఉండటం యాదృచ్ఛికం కాదు. కణాలలో శక్తికి ఏటీపీయే నాణెం. కైనేజులు తగిలించే ఫాస్ఫేటు వచ్చేది ఏటీపీ నుండే. కింద చెప్పబోయే సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కూడా దాని నుండే. ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రచురించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఆ తరువాత జీవరసాయన ప్రయోగశాలలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

1950వ దశకంలో ఎర్ల్ సదర్లాండ్ అడ్రినలిన్, గ్లూకగాన్ కాలేయం నుండి గ్లూకోజును ఎలా విడుదల చేయిస్తాయో పరిశోధిస్తూ సైక్లిక్ ఏఎంపీని కనుగొన్నాడు. ఇదే మొట్టమొదటి ద్వితీయ దూత. ఇందుకు ఆయనకు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫాస్ఫేటు చేరిక, తొలగింపుల ద్వారా ఎంజైములు నియంత్రింపబడతాయని గ్లైకోజెన్ ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైముపై పరిశోధించి చూపిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది. సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని కనుగొన్న హాన్స్ క్రెబ్స్ వేరు, ఈ క్రెబ్స్ వేరు. గ్రాహకానికి, కణం లోపలి ఎంజైముకు మధ్యవర్తులైన జి-ప్రోటీనులను కనుగొన్న ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో ఈ బహుమతి దక్కింది.

వ్యాయామంలో చక్కెర పాత్రను ప్రజల ముందుకు తెచ్చింది మాత్రం ఒక పరుగుపందెం. 1924లో బోస్టన్ మారథాన్ ముగించిన కొందరు క్రీడాకారుల రక్తాన్ని వైద్యులు పరీక్షించగా పలువురిలో చక్కెర బాగా తగ్గి ఉంది. అలా తగ్గినవారే నీరసించి, అయోమయంగా కనిపించారు. మరుసటి సంవత్సరం పందేనికి ముందు పిండిపదార్థాలు, పరుగు మధ్యలో మిఠాయిలు ఇవ్వగా ఆ లక్షణాలు చాలావరకు కనిపించలేదు. కాలేయంలోని నిల్వ ఖర్చయిపోతే ఏమవుతుందో ఈ పరిశీలన తేటతెల్లం చేసింది.

వ్యాయామ సమయంలో సంకేతాలు

గ్లూకగాన్ మార్గం

వ్యాయామం మొదలైనప్పుడు సానుభూత నాడులు క్లోమంలోని బీటా కణాలను అణచివేస్తాయి. దానితో ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. వ్యాయామం కొనసాగేకొద్దీ ఆల్ఫా కణాల నుండి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయానికి ముఖ్యమైనది ఈ రెండింటి నిష్పత్తి.

గ్లూకగాన్ కాలేయ కణంపైని తన గ్రాహకానికి అతుక్కున్నప్పుడు ఈ క్రింది చర్యలు వరుసగా జరుగుతాయి.

1. గ్రాహకం లోపలివైపున ఉన్న జి-ప్రోటీను చైతన్యవంతమవుతుంది.
2. అది అడినిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ప్రేరేపిస్తుంది. ఆ ఎంజైము ఏటీపీ నుండి సైక్లిక్ ఏఎంపీని తయారు చేస్తుంది.
3. సైక్లిక్ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఏ ను విడుదల చేస్తుంది.
4. ఆ కైనేజు ఫాస్ఫారిలేజ్ కైనేజును, అది గ్లైకోజెన్ ఫాస్ఫారిలేజును మేల్కొలుపుతాయి. గ్లైకోజెన్ గొలుసు చివర నుండి గ్లూకోజు ఒక్కొక్కటిగా ఊడివస్తుంది.
5. అదే సమయంలో గ్లైకోజెన్‌ను నిర్మించే గ్లైకోజెన్ సింథేజ్ అనే ఎంజైము ఆగిపోతుంది.

ఒకే సంకేతం నిల్వను కరిగించే పనిని మొదలుపెట్టి, నిల్వచేసే పనిని ఆపివేస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే కాలేయం ఒక చేత్తో తీసి మరొక చేత్తో పెట్టినట్లు శక్తిని వృథా చేసుకుంటుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు కాలేయం ప్రతి కిలోగ్రాము శరీరబరువుకు నిమిషానికి సుమారు 2 మిల్లీగ్రాముల గ్లూకోజును విడుదల చేస్తుంది. మధ్యస్థ వ్యాయామంలో ఇది రెండు, మూడు రెట్లవుతుంది. తీవ్ర వ్యాయామంలో ఇంకా పెరుగుతుంది. క్లోమం స్రావాలను ఔషధంతో ఆపి, హార్మోనులను బయటి నుండి కొలత ప్రకారం ఎక్కిస్తూ శునకాలలోను, మానవులలోను ప్రయోగాలు జరిగాయి. గ్లూకగాన్ పెరగకుండా, ఇన్సులిన్ తగ్గకుండా చేసినప్పుడు కాలేయం కండరాల అవసరానికి తగినంత గ్లూకోజును పంపలేకపోయింది.

ఇన్సులిన్ మార్గం

ఇన్సులిన్ గ్రాహకం స్వయంగా ఒక కైనేజు. ఇన్సులిన్ అతుక్కున్నప్పుడు అది పీఐ3-కైనేజ్ ద్వారా ఏకేటీ అనే మరొక కైనేజును చైతన్యపరుస్తుంది. ఏకేటీ ఫాక్సో1 అనే ప్రోటీనుకు ఫాస్ఫేటును తగిలించి కేంద్రకం నుండి వెలుపలకు పంపుతుంది. ఫాక్సో1 కేంద్రకంలో ఉన్నంతసేపు గ్లూకోజు తయారీకి కావలసిన జన్యువులు పనిచేస్తాయి. వ్యాయామంలో ఇన్సులిన్ తగ్గడం వలన ఏకేటీ పట్టు సడలుతుంది. ఫాక్సో1 తిరిగి కేంద్రకంలోకి చేరుతుంది.

అడ్రినలిన్ మార్గం

అధివృక్క గ్రంథుల నుండి వచ్చే అడ్రినలిన్ కాలేయంలో రెండు రకాల గ్రాహకాలపై పనిచేస్తుంది. బీటా గ్రాహకాలు గ్లూకగాన్ వలెనే సైక్లిక్ ఏఎంపీని పెంచుతాయి. ఆల్ఫా గ్రాహకాలు కణంలోని కాల్షియంను విడుదల చేయిస్తాయి. కాల్షియం కూడా ఫాస్ఫారిలేజ్ కైనేజును మేల్కొలుపుతుంది. మితమైన వ్యాయామంలో ఈ మార్గం పాత్ర స్వల్పం. కొద్ది నిమిషాలపాటు ప్రాణం పెట్టి పరుగెత్తినప్పుడు అడ్రినలిన్, నారడ్రినలిన్ అనేక రెట్లు పెరుగుతాయి. అప్పుడు కాలేయం కండరాలు వాడుకునే దానికంటే ఎక్కువ గ్లూకోజును విడుదల చేస్తుంది. తీవ్రమైన పరుగు తరువాత రక్తంలో చక్కెర కొంతసేపు పెరిగి కనిపించడానికి ఇదే కారణం.

ఏఎంపీకే: శక్తిని కొలిచే ఎంజైము

గ్లూకోజు తయారీకి కాలేయం కూడా ఏటీపీని ఖర్చు చేయాలి. దీర్ఘ వ్యాయామంలో కాలేయ కణాలలో ఏటీపీ తగ్గి, ఏఎంపీ పెరుగుతుంది. ఈ మార్పును గుర్తించే ఎంజైమును ఏఎంపీకే అంటారు. ఏఎంపీకే, సైక్లిక్ ఏఎంపీ పేర్లు దగ్గరగా ఉన్నా ఇవి రెండూ వేర్వేరు మార్గాలకు చెందినవి. ఎలుకలను పరుగెత్తించినప్పుడు వాటి కాలేయంలో ఏఎంపీకే చైతన్యవంతమవుతుందని 1999లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఏఎంపీకే ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమును ఆపుతుంది. దానితో మలోనైల్ కోఎ అనే పదార్థం తగ్గుతుంది. మలోనైల్ కోఎ కొవ్వు ఆమ్లాలను తయారుచేయడానికి ముడిసరుకు. అంతేకాక కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి ప్రవేశించే ద్వారానికి అది గడియ వంటిది. అది తగ్గినప్పుడు కొత్త కొవ్వు తయారీ ఆగుతుంది, ఉన్న కొవ్వు మైటోకాండ్రియాలోకి వెళ్ళి దహనమవుతుంది.

కండరాల నుండి వచ్చే కబురు

సంకోచిస్తున్న కండరం కూడా రక్తంలోకి కొన్ని ప్రోటీనులను విడుదల చేస్తుంది. వీటిని మయోకైన్‌లు అంటారు. వీటిలో బాగా అధ్యయనం చేయబడినది ఇంటర్‌ల్యూకిన్-6. వ్యాయామంలో ఇది పనిచేస్తున్న కాలి కండరాల నుండే వెలువడుతుందని 2000లో కోపెన్‌హేగన్ పరిశోధకులు చూపారు. మారథాన్ వంటి దీర్ఘ పరుగులలో రక్తంలో దీని స్థాయి వంద రెట్ల వరకు పెరగవచ్చు. కండరంలో గ్లైకోజెన్ తక్కువగా ఉన్నప్పుడు ఇది మరింత ఎక్కువగా విడుదలవుతుంది. కాలేయ కణంలో ఇది జాక్ కైనేజుల ద్వారా స్టాట్3 అనే ప్రోటీనును చైతన్యపరుస్తుంది. ఇది కాలేయం నుండి గ్లూకోజు విడుదలకు తోడ్పడుతుందని మానవులలో చేసిన ప్రయోగాలు సూచించాయి.

గ్లూకోజు నవోత్పాదన

గ్లైకోజెన్ తరుగుతున్నకొద్దీ కాలేయం ఇతర పదార్థాల నుండి గ్లూకోజును తయారు చేస్తుంది. దీనిని గ్లూకోజు నవోత్పాదన లేదా గ్లూకోనియోజెనెసిస్ అంటారు. దీనికి ముడిపదార్థాలు మూడు:

* లాక్టిక్ ఆమ్లం - కండరాల నుండి వస్తుంది. కాలేయం దీనిని గ్లూకోజుగా మార్చి తిరిగి కండరాలకు పంపుతుంది. ఇదే కోరీ చక్రం.
* ఎలనిన్ వంటి అమైనో ఆమ్లాలు - ఇవి కూడా కండరాల నుండి వస్తాయి.
* గ్లిసరాల్ - కొవ్వు కణాలలో కొవ్వు విడిపోయినప్పుడు వస్తుంది.

కోరీ చక్రం ఉచితంగా జరగదు. ఒక గ్లూకోజు అణువు లాక్టిక్ ఆమ్లంగా మారేటప్పుడు కండరానికి 2 ఏటీపీలు లభిస్తే, దానిని తిరిగి గ్లూకోజుగా మార్చడానికి కాలేయం 6 ఏటీపీలు ఖర్చు చేస్తుంది. ఈ శక్తి కొవ్వు దహనం నుండి వస్తుంది. కండరం కోసం కాలేయం అప్పు తీరుస్తున్నట్లు దీనిని భావించవచ్చు.

నవోత్పాదనకు కావలసిన ఎంజైములు సరిపడా ఉండాలంటే జన్యువుల స్థాయిలో మార్పు రావాలి. ప్రోటీన్ కైనేజ్-ఏ కేంద్రకంలో క్రెబ్ అనే ప్రోటీనును చైతన్యపరుస్తుంది. క్రెబ్, ఫాక్సో1, పీజీసీ-1ఆల్ఫా కలిసి నవోత్పాదన ఎంజైముల జన్యువులను పనిచేయిస్తాయి. గ్లైకోజెన్ విచ్ఛిన్నం సెకన్లలో, నిమిషాలలో మొదలవుతుంది. జన్యువుల స్పందనకు మరింత సమయం పడుతుంది.

వ్యాయామం ముగిసిన తరువాత

వ్యాయామం ఆగినా కాలేయంలో సంకేతాలు వెంటనే ఆగవు. కాలేయం నుండి రక్తంలోకి వెలువడే సంకేత ప్రోటీనులను హెపటోకైన్‌లు అంటారు. వీటిలో ఎఫ్‌జీఎఫ్21, ఫాలిస్టాటిన్ అనే రెండూ వ్యాయామ సమయంలో కంటే, ఆ తరువాతి గంటలలో ఎక్కువగా పెరుగుతాయి. గ్లూకగాన్, ఇన్సులిన్ నిష్పత్తి మారకుండా చేసినప్పుడు ఈ పెరుగుదల బాగా తగ్గిపోతుంది. అంటే వ్యాయామంలో క్లోమం పంపిన కబురుకు కాలేయం ఇచ్చే ఆలస్యపు జవాబు ఇది. విశ్రాంతి, ఆహారం లభించిన తరువాత ఇన్సులిన్ మళ్ళీ పెరిగి గ్లైకోజెన్ సింథేజ్ పని మొదలవుతుంది, నిల్వలు తిరిగి నిండుతాయి.

క్రమం తప్పని వ్యాయామం, కొవ్వు కాలేయం

కాలేయం బరువులో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దానిని కొవ్వు కాలేయం అంటారు. వాడుకలో ఫ్యాటీ లివర్ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. మద్యపానంతో సంబంధం లేకుండా స్థూలకాయం, మధుమేహం వంటి వాటితో కలిసి వచ్చే రకానికి 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు పేరు మార్చి, జీవక్రియాలోప సంబంధిత వ్యాధిగా గుర్తించాయి. భారత ప్రభుత్వం 2021లో ఈ వ్యాధిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

కణంలో కొవ్వు ఎక్కువైనప్పుడు డైఎసిల్‌గ్లిసరాల్ అనే పదార్థం పేరుకుపోతుంది. ఇది ప్రోటీన్ కైనేజ్-సి కుటుంబానికి చెందిన ఒక ఎంజైమును మేల్కొలిపి, ఇన్సులిన్ గ్రాహకం పనికి అడ్డుపడుతుంది. అప్పుడు ఇన్సులిన్ వచ్చి చెప్పినా కాలేయం వినదు. తిన్న తరువాత కూడా గ్లూకోజును విడుదల చేస్తూనే ఉంటుంది. దీనినే కాలేయంలో ఇన్సులిన్ నిరోధం అంటారు.

క్రమం తప్పని వ్యాయామం ఈ చిక్కుముడిని అనేక వైపుల నుండి సడలిస్తుంది. కొవ్వు ఆమ్లాల దహనం పెరుగుతుంది, మైటోకాండ్రియా సామర్థ్యం మెరుగుపడుతుంది, కొవ్వు తయారుచేసే ఎంజైములు తగ్గుతాయి. కండరాలు గ్లూకోజును ఎక్కువగా తీసుకోవడం వలన కాలేయానికి చేరే మిగులు తగ్గుతుంది. శరీరబరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా కాలేయంలోని కొవ్వు తగ్గుతుందని అనేక అధ్యయనాలలో వెల్లడైంది. బరువు తగ్గలేదని నిరాశపడి నడక మానివేసేవారు గమనించవలసిన విషయమిది. అయితే ఆహార నియమంతో బరువు తగ్గినప్పుడు కలిగే ప్రయోజనం ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచించింది.

వ్యాయామం మానివేస్తే

ఈ ప్రయోజనాలు నిల్వ ఉండేవి కావు. అతిగా తిని లావెక్కే ఒక జాతి ఎలుకలకు పంజరంలో తిరిగే చక్రాలను ఇచ్చి, 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం జరిపారు. వారాల తరబడి ప్రతిరోజూ పరుగెత్తిన ఎలుకలకు కొవ్వు కాలేయం రాలేదు. తరువాత చక్రాలను తిరగకుండా బిగించివేశారు. ఏడు రోజులలోనే వాటి కాలేయంలో కొవ్వు దహనం తగ్గి, కొవ్వు తయారుచేసే ఎంజైములు, మలోనైల్ కోఎ పెరగడం మొదలైంది. సంకేతం ప్రతిరోజూ అందుతున్నంతవరకే కాలేయం దానికి తగినట్లు నడుచుకుంటుందని దీని సారాంశం.

మధుమేహం ఉన్నవారిలో

ఇన్సులిన్ సూదిమందు తీసుకునేవారిలో వ్యాయామ సమయంలో ఇన్సులిన్ తనంతట తాను తగ్గదు. చర్మం కింద చేరిన మందు రక్తంలోకి వస్తూనే ఉంటుంది. శ్రమిస్తున్న అవయవానికి రక్తప్రసరణ పెరగడం వలన అక్కడి నుండి మరింత వేగంగా కూడా రావచ్చు. గ్లైమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు క్లోమం నుండి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి కాబట్టి వాటితో కూడా ఇటువంటి ఇబ్బంది ఉంది. ఒకవైపు కండరాలు చక్కెరను లాగుకుంటుండగా, మరొకవైపు ఇన్సులిన్ కాలేయాన్ని విడుదల చేయనివ్వదు. ఫలితంగా రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబడటం దీని లక్షణాలు. వ్యాయామం చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా ఇది జరగవచ్చు.

ఇటువంటి స్థితిలో స్పృహ ఉన్నవారికి సుమారు 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించడం సాధారణ పద్ధతి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే వైద్య సహాయం పొందాలి. అత్యవసరంగా ఇచ్చే గ్లూకగాన్ సూదిమందు పైన చెప్పిన సైక్లిక్ ఏఎంపీ మార్గంలోనే పనిచేస్తుంది. కాలేయంలో గ్లైకోజెన్ ఉంటేనే అది ఫలిస్తుంది. దీర్ఘ వ్యాయామం, ఉపవాసం వలన నిల్వ ఖాళీ అయినవారిలో దాని ప్రభావం తక్కువ. మద్యం గ్లూకోజు నవోత్పాదనను అడ్డుకుంటుంది కాబట్టి మద్యం సేవించి శ్రమించడం మరింత ప్రమాదకరం. అందువలన ఈ మందులు వాడేవారు వ్యాయామం మొదలుపెట్టే ముందు మోతాదు, ఆహార సమయాల గురించి వైద్యుని సంప్రదించాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర పడిపోవడం అరుదు.

పరిశోధనలకు గల పరిమితులు

కండరం నుండి చిన్న ముక్కను తీసి పరీక్షించడం సులభం. ఆరోగ్యవంతుని కాలేయం నుండి, అందునా వ్యాయామం చేస్తుండగా, అలా తీయడం ప్రమాదంతో కూడుకున్నది. అందుచేత కాలేయ కణాల లోపలి సంకేతాల గురించి తెలిసినదానిలో ఎక్కువ భాగం ఎలుకలు, శునకాలపై జరిగిన ప్రయోగాల నుండి వచ్చింది. మానవులలో ధమని, కాలేయ సిరల రక్తాన్ని పోల్చడం, గుర్తువేసిన గ్లూకోజు అణువులను ఎక్కించి లెక్కించడం, అయస్కాంత అనునాదంతో కాలేయంలోని గ్లైకోజెన్‌ను, కొవ్వును కొలవడం వంటి పరోక్ష పద్ధతులపై ఆధారపడతారు.

ఇవి కూడా చూడండి

* కాలేయం
* ఇన్సులిన్
* మధుమేహం
* క్లోమం
* యల్లాప్రగడ సుబ్బారావు